నొక్కితే హింటు, నోరు విప్పితే పెళ్ళి

“నన్ను లిమిటెడ్ చేసిందెవరు?”

టీ తాగి, మూతి తుడుచుకుంటూ ఐలమ్మ డీటీపీ సెంటర్‌లో అడుగుపెట్టిన ప్రశాంత్ గడప మీదే ఆగిపోయాడు. తన కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఉద్యోగంలో చేరి ఇంకా ఒక పూటే. అప్పుడే కుర్చీ పోయిందా?

“మీరెవరు మేడం?”

“గది నేనడగాలె. నా కంప్యూటర్ల కొత్త ఫాంట్ ఎక్కిస్తుంటే నీకు పర్మిషన్ లేదంటున్నది. నాకు పర్మిషన్ ఇయ్యనీకి అదెవరు? దానికి గట్ల చెప్పిన నువ్వెవరు?”

“ప్రశాంత్. మాది హవేలిఘనపూర్. కొత్త ఆపరేటర్ని. సేట్ అకౌంట్లు పెట్టమన్నడు, పెట్టిన. సేట్ అడ్మినిస్ట్రేటర్. పని జరగాలె గదా, నేను గూడ అడ్మినిస్ట్రేటర్. మిగతోళ్లంత లిమిటెడ్.”

“అంటే నా ఇంట్ల నేను లిమిటెడ్, పొద్దున వచ్చిన నువ్వు అన్‌లిమిటెడ్?”

అప్పుడర్థమైంది అతనికి, ఈమె సేట్ మల్లేశం గారి బిడ్డ స్నేహలత అని. మా వైపు ఏ అమ్మాయైనా ముక్కూ మొహం తెలియని మగవాణ్ణి ముందుగా “అన్నా” అని పిలుస్తుంది. ఆ పిలుపుతో ఎన్ని ప్రేమకథలు పురిట్లోనే పోయాయో లెక్క లేదు. కోపంలో స్నేహలత ఆ మాట మరిచిపోయింది. ఈ కథ నిలబడింది ఆ ఒక్క మరుపు మీదే.

డీటీపీ అంటే అక్షరాలు కూర్చి అచ్చుకు పంపే పని అని మెదక్‌లో ఎవరైనా చెబుతారు. ఐలమ్మ డీటీపీలో మాత్రం దాని అర్థం వేరు. మొదట ఢీ. తరువాత టీ. ఆ చివరి ‘పీ’ పెళ్ళి పీటలకా, పీకులాటకా అన్నది తేలాల్సి ఉంది.

మల్లేశం గారి గురించి రెండు ముక్కలు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరూ రోడ్డెక్కిన రోజులవి. రామదాస్ చౌరస్తాలో ఆయన మైకు పట్టుకున్నాడంటే బస్సులు ఆగేవి. కొన్ని భయంతో, కొన్ని భక్తితో. “మా బతుకు మేమే ఏలుకుంటం! మా మీద పెత్తనం ఇంకెవ్వరికీ వద్దు!” అని ఆయన గర్జిస్తే చప్పట్లే చప్పట్లు. ఆ స్వపరిపాలన సాయంత్రానికి ఆయనతో పాటే ఇంటికొచ్చేది. కానీ చెప్పులతో పాటు గడప బయటే ఆగిపోయేది.

ఇంటి ముందు గదే షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. డిగ్రీ అయినప్పటినుంచి ఆ పనంతా స్నేహలతదే. ఆమె అల్లిన శుభలేఖ కోసం ఎల్దుర్తి నుంచి కూడా వచ్చేవారు. కార్డు బాగుంది కదా అని పెళ్ళి ఖాయం చేసుకున్నవాళ్ళూ ఉన్నారని వినికిడి. అయితే ఈ మధ్య మల్లేశానికి ఒక జ్ఞానోదయం అయింది. “పెళ్లి కావాల్సిన పిల్ల గిరాకీ ముందర కూసుంటే ఏం బాగుంటది?” అనుకున్నాడు. ఆడపిల్ల బయటివాళ్ళ కంట పడకూడదని, బయటి మగపిల్లవాణ్ణి తెచ్చి ఇంటి ముందు గదిలో కూర్చోబెట్టాడు. ముందుచూపంటే అదీ!

ఇక అకౌంట్ల సంగతి.

కంప్యూటర్ తెరవగానే మనుషుల పేర్లు, పక్కన చిన్న బొమ్మలు కనిపిస్తాయి చూశారా? ఎవరి పేరు నొక్కితే వారి గది తెరుచుకుంటుంది. ప్రశాంత్ మొదటిసారి అది చూపించగానే, శుభలేఖలతో తల నెరిసిన మల్లేశం కళ్ళకు అది అచ్చం శుభలేఖలో ‘ఆహ్వానించువారు’లా కనబడింది.

“ఇండ్ల మా బామ్మర్ది ఎల్లేష్ పేరేది?” అన్నాడు కంగారుగా.

“ఆయన ఈ కంప్యూటర్ వాడ్తడా సేట్?”

“వాడుడు గాదురా భాయ్. పేరుండాలె. కార్డు మీద పేరు మర్సిపోతే సుట్టం దూరమైతడు. మా అవ్వ పేరు కొట్టు. నా పేరు కొట్టు. మేనత్తలయి కొట్టు. పెద్దోళ్లవి మీద, పిల్లలయి కింద.”

కంప్యూటర్‌కు వయసు తెలియదు, ఏబీసీడీలే తెలుసు. ప్రశాంత్ పేర్ల ముందు అంకెలు తగిలించి, వయసు ప్రకారం వరస కుదిర్చేసరికి మధ్యాహ్నమైంది. తెర నిండి, కిందికి జరిపితే గానీ ఆఖరి మేనత్త కనబడేది కాదు. ఎల్దుర్తి నుంచి ఎల్లేష్ వచ్చి తన పేరు చూసుకుని మురిసి, పక్కనున్న బొమ్మ చూసి మండిపడ్డాడు.

“బావా, నీకు గుర్రాల బొమ్మ, నాకు కప్ప బొమ్మనా? మా అక్కను నీకిచ్చినందుకు నాకు దక్కింది కప్పనా?”

ఆ కప్పను దించి విమానం ఎక్కించేదాకా ఆయన ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు.

మల్లేశం పాస్‌వర్డు కొట్టేటప్పుడు ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టేవాడు. కాబట్టి అది ఎదురుగా ఉన్న టీ కొట్టువాడి దాకా అందరికీ తెలుసు. అసలు పాస్‌వర్డే లేనిది మల్లేశం తల్లి ఐలమ్మకే. “నాకు తాళమెందుకు బిడ్డా? పోకచెక్క తప్ప నా తాన దాసేదేమున్నది?” అందామె. నొక్కితే చాలు, తెరుచుకునేది. ఆ ఇంట్లో దేనికైనా అలా తెరుచుకున్నది ఆమె ఒక్కర్తే.

మళ్ళీ మన ఢీ దగ్గరికి వద్దాం.

“నన్ను గూడ అడ్మినిస్ట్రేటర్ చెయ్యి,” అంది స్నేహలత.

“సేట్ వద్దన్నడు మేడం.”

“రాష్ట్రం వేరే కావాలని రోడ్డు మీద కూసునేటోళ్ల ఇంట్ల, బిడ్డకు ఒక ఫాంట్ ఎక్కించుకునే హక్కు లేదా?”

“గది ఢిల్లీల అడగాలె మేడం. నేను హవేలిఘనపూరోన్ని.”

ఆమె విసురుగా తన అకౌంట్‌కు కొత్త పాస్‌వర్డు పెట్టుకుంది. పాస్‌వర్డు మరిచిపోతే గుర్తుకు రావడానికి ‘హింట్’ అని ఒక గడి ఉంటుంది. దాని కింద, ఈ హింట్ కంప్యూటర్ వాడే ప్రతివారికీ కనబడుతుంది అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంది. చిన్న అక్షరాలు చదివే అలవాటే మనకుంటే ఇన్ని చిట్టీల కంపెనీలు బతికేవా? స్నేహలత చదవలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పారేసింది.

మరునాడు ప్రశాంత్ ఆమె పేరు నొక్కి, పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కాడు. ఊరికే. ఊరికే చేసిన పనులకే జీవితంలో ఊరంతా పనైపోతుంది.

‘కుర్చీ దొంగలకు చెప్పబడదు’ అని కనబడింది.

నవ్వొచ్చింది. తన హింట్ మార్చాడు: ‘కుర్చీ ఇక్కడ్నే ఉన్నది. దొంగనే పొద్దుగూకితే ఇంటికి పోతడు.’

షాపు మూసే మధ్యాహ్నపు వేళ ఆమె శుభలేఖల పనికి కూర్చునేది. అతను అప్పుడు అన్నానికి పోయేవాడు. ఎదురుపడేది గడప దగ్గరే, అదీ కౌంటర్లో నాయన ఉండగా. కాబట్టి చూపులు నేల మీద, మాటలు హింట్ల మీద.

‘సిగ్గులేదా?’ అని ఆమె.

‘ఉన్నది. ఇంకా ఇన్‌స్టాల్ కాలె’ అని అతను.

‘ఆ పచ్చ చొక్కా ఏంది? ముసురుల గోరింటాకు చెట్టు లెక్కున్నవ్’ అని ఆమె. మరునాటి నుంచి పచ్చ చొక్కా పత్తా లేదు.

ఒకనాడు ఆమె తెరిచేసరికి అతని హింట్: ‘నీ ఫాంట్ ఎక్కించిన. సేట్‌కు చెప్పకు.’ ఆమె గబగబా ఫైలు తెరిచి చూసింది. కావలసిన ఫాంటు, అన్ని ఒత్తులూ దీర్ఘాలతో, ఉంది. కొందరికి పూలిస్తే ప్రేమ పుడుతుంది. మన స్నేహలతకు ఒత్తులిస్తే పుట్టింది. పైకి మాత్రం ఏ ఒత్తిడీ కనబడనివ్వలేదు. ‘మస్తు చేసినవ్ తియ్’ అని మాత్రం రాసింది.

వానలు మొదలయ్యాయి. ‘గొడుగు కౌంటర్ కింద పెట్టిన’ అని ఆమె. మరునాడు అతని జవాబు: ‘తీస్కపోలే. నువ్వు కిటికీల నిలబడ్డవ్. గొడుగు అడ్డమొస్తదని.’

ఇలా లాగిన్ అయినకొద్దీ ఇద్దరి మనసులూ లాగసాగాయి. అయితే ఒక లోపం. హింట్లలో పులి, ఎదుట పిల్లి మన ప్రశాంత్. గడప దగ్గర ఆమె కాస్త ఆగితే, ఈ మనిషి తలెత్తకుండా “నమస్తే మేడం” అని పక్కకు తప్పుకునేవాడు. ప్రేమను పరోక్షంలో ఎక్స్‌ప్రెస్‌లా నడిపి, ప్రత్యక్షంలో ప్యాసింజర్ చేసేవాళ్ళు మన వైపు కొల్లలు.

ఒకరోజు మల్లేశం ఇంట్లో ప్రకటించాడు. “ఐతారం మనోహరాబాదోళ్లు పిల్లను సూడనీకి వస్తున్నరు. పిలగాడు సుధాకర్. హైదరాబాద్‌ల కంప్యూటర్ నౌకరి.”

“నన్నడిగినవా నాయినా?” అంది స్నేహలత.

“అడుగుడేంది? చెప్తున్న గదా!”

“మరి మా మీద పెత్తనం ఎవ్వరికీ వద్దంటవ్ మైకుల?”

“గది రాష్ట్రం ముచ్చట. గిది ఇంటి ముచ్చట.”

ఆ శనివారం మధ్యాహ్నం ఆమె తన హింట్ మార్చింది: ‘రేపు మనోహరాబాదోళ్లొస్తున్నరు. నోరున్నదా, లేదా?’

సాయంత్రం ప్రశాంత్ అది చదివాడు. లేచి లోపలికి పోయి “సేట్, ఒక ముచ్చట” అనవలసినవాడు, అలవాటు కొద్దీ హింటే మార్చాడు: ‘ఉన్నది. తెరిస్తే వచ్చేది ఒకటే మాట. గదే నా పాస్‌వర్డు.’ తరువాత గొడుగు లేకుండా తడుస్తూ ఇంటికి పోయాడు. ఈసారి కిటికీలో ఎవరూ లేరు.

ఆదివారం వచ్చింది. దానితో పాటు రాస్తారోకో కూడా వచ్చింది. రెంటికీ పెద్ద మల్లేశమే. ఉద్యమం పిలుపు ముందు రాత్రి వచ్చింది, పెళ్ళిచూపుల పిలుపు వారం కిందే పోయింది. చౌరస్తాలో ఆయన పెట్టించిన అడ్డం దగ్గరే పెళ్ళికొడుకు కారు ఆగింది.

“మేం మల్లేశం గారింటికే పోవాలె,” అన్నాడు సుధాకర్.

“మల్లేశమన్ననే ఎవ్వర్నీ పోనియ్యద్దన్నడు,” అన్నారు కుర్రాళ్ళు.

చివరికి సుధాకర్, వాళ్ళ నాయన బురదలో నడిచి వచ్చారు. మల్లేశం మైకు ఇంకొకరి చేతిలో పెట్టి, సిగ్గుపడుతూ వెంట వచ్చాడు. లోపల పిల్ల ముస్తాబు కాలేదని ముందు గదిలోనే కూర్చోబెట్టారు. ఐలమ్మ పోకచెక్క నములుతూ మూలన. ఎల్లేష్ మర్యాదలు చేస్తూ మధ్యన.

“అల్లుడుగారు కంప్యూటర్ నౌకరి గదా, మా ఖాందాన్ అంత కంప్యూటర్లనే ఉన్నది, సూడుండ్రి!” అని ఎల్లేష్ తెర వెలిగించాడు. “గీ విమానం నేను. గీ పువ్వు మా అక్క అత్తగారు. గిదిగో మా స్నేహలత.” అని పేరు నొక్కాడు. “గీ ప్రశ్నార్థకం ఏంది?” అని అదీ నొక్కాడు. గట్టిగా చదివాడు కూడా.

“రేపు మనోహరాబాదోళ్లొస్తున్నరు. నోరున్నదా, లేదా?”

మనోహరాబాదాయన ముఖం కందింది. “మాకు నోరున్నదా అని అడుగుతుందా పిల్ల?”

“లే లే బావగారూ!” అన్నాడు మల్లేశం చెమటలు పట్టి. “హింట్ అంటే పొడుపుకథ లెక్క. విప్పితే పాస్‌వర్డు వస్తది.”

“నోరుంటది, మాట్లాడది,” అన్నాడు ఎల్లేష్ ఆలోచిస్తూ. “ఏంది అవ్వా?”

“కుండ బిడ్డా,” అంది ఐలమ్మ.

కుండ కొట్టారు. తప్పు. సీసా కొట్టారు. తప్పు. “మా అసెంబ్లీ మెంబర్!” అన్నాడు ఎల్లేష్. అది కొట్టడానికి ఇంగ్లీషు స్పెల్లింగ్ కుదరలేదు.

సుధాకర్ నవ్వి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “మామయ్యా, ఇది మా పని. ఇంకెవరి హింట్ ఉన్నదో చూద్దాం,” అని ప్రశాంత్ పేరు నొక్కాడు. ‘ఉన్నది. తెరిస్తే వచ్చేది ఒకటే మాట. గదే నా పాస్‌వర్డు.’ సుధాకర్ నవ్వు ఆగిపోయింది. అది ప్రశ్న, ఇది జవాబు అని అర్థం కావడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. అతను నిదానంగా ‘స్నేహలత’ అని కొట్టాడు.

తెరుచుకుంది.

ఆ తెర పూర్తిగా వెలిగేలోపు మల్లేశం ముఖం ఆరిపోయింది. “ఇప్పుడు పిల్లది సూడు!” అని అరిచాడు ఎల్లేష్. సుధాకర్ స్నేహలత అకౌంట్‌లో ‘ప్రశాంత్’ అని కొట్టాడు. తప్పు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, ఇంటిపేరు, ఊరిపేరు. అన్నీ తప్పు.

“సూసిండ్రా!” అన్నాడు మల్లేశం, పోయిన ప్రాణం లేచొచ్చి. “నా బిడ్డ బంగారం! తప్పంత వానిదే. ఏడీ వాడు?”

చౌరస్తాలో బ్యానర్ పట్టుకున్న ప్రశాంత్‌ను పట్టుకొచ్చారు. తెర చూశాడు, మనుషుల్ని చూశాడు. లోపలి గుమ్మంలో పట్టుచీరతో నిలబడ్డ స్నేహలతను చూశాడు. తలదించుకున్నాడు.

“ఆమెకేం తెల్వది సేట్. తప్పు నాదే. నౌకరి ఇడిసిపెట్టి పోత.”

త్యాగం! ఆ మాటకు గదిలో సగం మంది జాలిపడ్డారు. స్నేహలతకు మాత్రం ఒళ్ళు మండింది. ఊరుకుంటే చాలు, ఆమె బంగారమే. నాయన పరువు దక్కుతుంది, పెళ్ళిచూపులు సాగుతాయి, ఈ వెర్రివాడు త్యాగమూర్తిగా హవేలిఘనపూర్ బస్సెక్కుతాడు. ఊరుకుంటే చాలు.

“నోరు తెరువమంటే గిదా నువ్వు తెరిసింది?” అందామె గుమ్మం దాటి వస్తూ.

“మేడం…”

“మేడం లేదు గీడం లేదు. హింట్ల నేనేమడిగిన, నువ్వేం జేసినవ్? మా నాయిన ముంగటికొచ్చి చెప్పమంటే పాస్‌వర్డు పెట్టుకుంటవా? అదీ నా పేరా? పేర్లు పాస్‌వర్డు పెట్టద్దని నీకు కోర్సుల చెప్పలేదా? గింత తెలివితక్కువోన్ని నేనెట్ల…”

ఆగిపోయింది.

“ఎట్ల?” అన్నాడు ప్రశాంత్, తలెత్తి. ఆ మొదటి రోజు ఢీ తరువాత అతను ఆమె ముఖంలోకి చూసి మాట్లాడిన మొదటి మాట అది.

“ఎట్లనో నాకు తెల్వది. ఇష్టపడ్డ. చాలా?”

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. యూపీఎస్ కీచుకీచుమని అరవసాగింది.

“మా సంగతేంది మల్లేశం గారూ?” అన్నాడు మనోహరాబాదాయన లేస్తూ.

సుధాకర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “నడువు నాయినా. మనకు ఇక్కడ గెస్ట్ అకౌంటే.” గుమ్మం దగ్గర ఆగి, “పేరు పెట్టకపోవుడు మాత్రం కరెక్టే,” అని స్నేహలతతో అని బురదలోకి దిగాడు. మంచివాడు. కొందరు పెళ్ళికొడుకులు వెళ్ళిపోయేటప్పుడు ఎంతో అందంగా ఉంటారు.

“పరువు తీసినవ్ గదనే!” అన్నాడు మల్లేశం చీకటి గదిలో.

“మా బతుకు మేమే ఏలుకుంటం అని నీ కరపత్రం టైప్ చేసింది నేను. తప్పులు దిద్దింది నేను. గా మాట నాకు ఎక్కింది, నీకెక్కలేదా నాయినా? నాకు లగ్గం వద్దంటలేను. నన్నడుగమంటున్న. కుర్చీ గూడ నాది నాకియ్యి.”

ఎల్లేష్ ఆఖరి అస్త్రం తీశాడు. “అసలు మీరేమోళ్లురా?” అని ప్రశాంత్ మీదికి పోయాడు.

ప్రశాంత్ ఇంటిపేరు చెప్పాడు.

“మనోళ్లే గదరా!” అంది మూల నుంచి ఐలమ్మ.

ఎల్లేష్ ముఖం వాడిపోయింది. గొడవకు అంత మంచి కారణం చేతికందినట్టే అంది జారిపోయింది.

ప్రశాంత్ గొంతు సవరించుకున్నాడు. “సేట్. మీ బిడ్డను నాకియ్యుండ్రి. అచ్చు పని ఆమె చూసుకుంటది, అది ఆమెకు అచ్చొచ్చింది. నేను ఫ్లెక్సీలు కట్టుకుంట.” మాటలు వరసగా రాలేదు. వచ్చినందుకే అతని చెవులు ఎర్రబడ్డాయి.

యూపీఎస్ చివరిసారి కీచుమని చచ్చిపోయింది. బయట ఎవరో మైకులో మల్లేశమన్నను వేదిక మీదికి రమ్మని పిలుస్తున్నారు. ఆయన కదల్లేదు. బిడ్డ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

“నాకన్న చెప్పు బిడ్డా. నీ పాస్‌వర్డేంది?”

“చెప్ప నాయినా. అది నాది.”

మల్లేశం కంప్యూటర్ ముందున్న కుర్చీని బిడ్డ వైపు జరిపాడు.

“సరే. చెప్పకు,” అన్నాడు. “కుర్చీల కూసో. కరెంటొస్తే అన్నీ నీ పేరు మీద చేసుకో.”

కండువా సర్దుకుని, చెప్పులు వేసుకుని, చౌరస్తా వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

“ఓ ప్రశాంత్! రేపు మీ అమ్మ నాయినలను తోలుకొనిరా. రోడ్డు మీదికెల్లి రాకుండ్రి, రేపు గూడ రాస్తారోకో ఉన్నది. పొలాల మీదికెల్లి రాండ్రి.”